పెళ్లికి చార్టు వేయించిన ఫొటో స్టూడియో

మా పెద్దమ్మాయి పెళ్లి ఆల్బమ్ తెరిస్తే పదకొండో షీటులో మా తోడల్లుడి వీపు కనిపిస్తుంది. గోధుమరంగు సఫారీ. ఆ సఫారీకి అవతల ఎక్కడో జీలకర్ర బెల్లం జరుగుతోంది. తర్వాతి షీటులో పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఇద్దరి ముఖాలూ వంకాయ రంగులో ఉంటాయి. అప్పగింతల ఫొటోలు అసలే లేవు. కెమెరాలో మెమరీ కార్డు పాడైపోయిందన్నారు. ఆ స్టూడియో పేరు ఇప్పుడెందుకు గానీ, తొమ్మిదేళ్లుగా ఆ ఆల్బమ్ బీరువా మీదే ఉంది. చుట్టాలొస్తే మా ఆవిడ దాన్ని కిందికి దించనివ్వదు.

అందుకే ఈ మాఘమాసంలో చిన్నమ్మాయి పెళ్లి కుదిరాక వంటవాళ్ల కంటే ముందు ఫొటోలవాళ్ల కోసం తిరిగాను. విజయనగరంలో నాలుగు స్టూడియోలు చూశాను. మూడు చోట్ల ఒకటే తంతు. ఏసీ గదిలో కూర్చోబెట్టి, పెద్ద టీవీలో టీజర్లు వేసి, డ్రోన్ ఉందని, క్రేన్ ఉందని చెప్పి, "ఏ ప్యాకేజీ రాసుకోమంటారు సార్?" అన్నారు. నాలుగోది గంటస్తంభం దగ్గర మేడ మీద చిన్న గది. కుర్రాడికి ముప్ఫై అయిదు దాటి ఉండవు. ఆల్బమ్ చూపించకుండా ముందు అడిగిన మాట ఇది:

"ముహూర్తం ఎన్నింటికి బాబాయ్?"

"రాత్రి పదకొండు గంటల ఎనిమిది నిమిషాలకి."

"అయితే ఆ రోజు మనకి పొద్దు వెలుతురు ఎంతసేపు దొరుకుతుందో అది ముందు చూద్దాం."

నేను ఆర్టీసీలో ముప్ఫై రెండేళ్లు చేశాను, చివరి పదకొండేళ్లు కాంప్లెక్సులో కంట్రోలర్‌గా. టైముతో మాట మొదలుపెట్టేవాడంటే నాకు మొదటి నుంచీ గురి. మిగతావి అడక్కుండానే బుక్ చేద్దామనుకున్నాను. కానీ కార్డు సంగతి మనసులో ఉండిపోయింది, అది అడిగాను. కెమెరా పక్క మూత తెరిచి చూపించాడు, లోపల రెండు కార్డులున్నాయి. తీసిన ప్రతి ఫొటో రెండింటిలోనూ పడుతుందట. ఇంటికెళ్లాక ఆ రాత్రే హార్డ్ డిస్కులోకి ఎక్కిస్తాడట. సరే అన్నాను. లక్షా ముప్ఫై అయిదు వేలు. అయిదుగురు మనుషులు, రెండు ఆల్బమ్‌లు, వీడియో. ముప్ఫై వేలు అడ్వాన్సు ఇచ్చి వచ్చేశాను.

పెళ్లికి ఇరవై రోజుల ముందు తనే ఫోన్ చేసి, కల్యాణ మండపానికి రమ్మన్నాడు. సాయంత్రం నాలుగున్నరకే రావాలన్నాడు, అది మాత్రం గట్టిగా చెప్పాడు. పెళ్లికూతురి గదిలో రెండు ట్యూబులైట్లు, పడమర వైపు ఒక పెద్ద కిటికీ. ఆ కిటికీకి అడ్డంగా ఇనుప బీరువా పెట్టి ఉంది, పైన ముదురు నీలం కర్టెను. మేనేజరును బతిమాలి బీరువా పక్కకి జరిపించాడు. కర్టెను తీసేసి, తన సంచిలోంచి పల్చటి తెల్ల గుడ్డ తీసి కట్టాడు. నన్ను కిటికీకి పక్కవాటుగా కుర్చీలో కూర్చోమని ఒక ఫొటో తీశాడు. తర్వాత ట్యూబులైటు కింద నిలబెట్టి ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు. ట్యూబులైటు కింద నేను ఆసుపత్రి నుంచి అప్పుడే డిశ్చార్జి అయినవాడిలా ఉన్నాను. కళ్ల కింద గుంటలు, నెత్తి మీద మెరుపు. కిటికీ దగ్గర మాత్రం మా నాన్నలా ఉన్నాను, అదీ ఆయన బాగున్న రోజుల్లో. ఖర్చు ఏముంది ఇందులో? ఒక బీరువా జరపడం.

ఆ తర్వాత మండపం పైకప్పు చూశాడు. డెకరేషన్ వాళ్లు పైన ఎర్ర గుడ్డ కడతామన్నారని చెప్పాను. వద్దన్నాడు. ఫ్లాష్ నేరుగా ముఖం మీద కొట్టరట, పైకప్పుకి కొట్టి కిందికి పడేలా చేస్తారట. పైన ఎర్ర గుడ్డ ఉంటే ఆ వెలుతురు ఎర్రగానే దిగుతుంది, పెళ్లికూతురు సిగ్గుపడకుండానే ఎర్రబడుతుంది. గంధం రంగు గుడ్డ కట్టించాం. రంగు లైట్ల సంగతి కూడా అంతే. మా పెద్దమ్మాయి వంకాయ ముఖానికి కారణం ఆ రోజే తెలిసింది. స్టేజీ కింద నుంచి ఊదా రంగు ఎల్ఈడీ లైట్లు కొడితే ఏ కెమెరా అయినా చర్మం రంగు సరిగ్గా పట్టుకోలేదట. పైగా కొన్ని చవక ఎల్ఈడీలు మన కంటికి కనిపించకుండా మిణుకుతుంటాయి, ఫొటోలో అడ్డచారలు పడతాయి. డెకరేషన్ అతనితో పెళ్లికి ముందే మాట్లాడి, మండపం మీద మాత్రం పసుపుపచ్చటి తెలుపు లైట్లు, రంగులన్నీ గేటు దగ్గర అని ఒప్పించాడు. వెనకాల పేర్లు తిప్పే ఎల్ఈడీ స్క్రీను ముహూర్తం టైముకి ఆపేయాలని కూడా. డెకరేషన్ అతను మూతి ముడిచాడు. గేటు దగ్గర ఎన్ని రంగులైనా పెట్టుకోమన్నాక ఒప్పుకున్నాడు.

ఇక చార్టు, అంటే పెళ్లిరోజు ఏ పని ఎన్నింటికో రాసుకున్న టైంటేబుల్. మా ఇంట్లో ఇప్పటికీ దీని మీద నవ్వుకుంటున్నారు గానీ, పెళ్లి ఫొటోలు బాగా రావాలంటే నాకు తెలిసి ఇదే అసలు పని. మాఘంలో మన వైపు ఆరు కాకుండానే పొద్దు గూకుతుంది. మంచి వెలుతురు నాలుగూ ముప్పావు నుంచి అయిదూ ముప్పావు దాకా, అంటే ఒక్క గంట. ఆ గంటలో పెళ్లికూతురి ఫొటోలు, మగపెళ్లివారి ఎదురుకోలు రెండూ పడాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టాం. నాలుగున్నరకి అమ్మాయి చీర, నగలతో సిద్ధం. మేకప్ ఆవిడ మూడు గంటలంటుంది, అంటే ఒంటిగంటన్నరకి కుర్చీలో కూర్చోవాలి. ఆవిడ పెట్టెలు సర్దుకోడానికి అరగంట. అంటే ఒంటిగంటకల్లా అమ్మాయి భోజనం అయిపోవాలి. బస్సుకి రన్నింగ్ టైము మీద ఎలా పదిహేను నిమిషాలు కలుపుతామో, దీనికి ముప్పావుగంట కలిపి భోజనం పన్నెండుంబావుకే పెట్టేయమని నేనే చెప్పాను. కలపబట్టి బతికాం. పూలజడ నలభై నిమిషాలు లేటుగా వచ్చింది.

మగపెళ్లివారిది శ్రీకాకుళం. బస్సులో రెండు గంటల ప్రయాణం. కానీ పెళ్లి బస్సు రెండు గంటల్లో రాదని నాకంటే తెలిసినవాడు ఎవరు? బయల్దేరే ముందు అరసవల్లిలో దర్శనం, దారిలో రణస్థలంలో టీ, ఎవరో ఒకరు ఇంట్లో మర్చిపోయిన పెట్టె. అందుకే వియ్యంకుడు గారికి నాలుగింటికి వస్తే చాలని కాదు, మూడింటికే రావాలని చెప్పాను. నాలుగూ పదికి దిగారు. ఎదురుకోలు సరిగ్గా అయిదుంబావుకి, ఎండ ఏటవాలుగా గేటు మీద పడుతున్నప్పుడు జరిగింది. సన్నాయి ఊదుతున్నాయన చెంప బూరెలా ఉబ్బి, దాని మీద పసుపు ఎండ పడిన ఫొటో ఒకటుంది. ఆయన ఎవరో నాకు తెలీదు గానీ ఆ ఫొటో మాత్రం పెద్దది చేయించుకున్నాను.

ఒక గొడవ చెప్పాలి. కుర్రాడు మొదట, పొద్దు గూకే ముందు పెళ్లికూతురిని, పెళ్లికొడుకుని కలిపి ఒక అరగంట తీద్దామన్నాడు. హైదరాబాదులో అందరూ అలాగే తీయించుకుంటున్నారట. మా అమ్మకి ఎనభై నాలుగేళ్లు. వినగానే, "ఓలమ్మా! తెర తియ్యకముందే ఇద్దర్నీ ఒక చోట నిలబెడతారేటి? మరి తెరెందుకు, మడిచి దాచుకోడానికా?" అంది. కుర్రాడు వాదించలేదు, అది నాకు నచ్చింది. మామ్మగారు చెప్పింది నిజమే, తెర తీసినప్పుడు మొదటిసారి చూసుకునే చూపు ముందే ఖర్చు పెట్టేస్తే ఫొటోలో మిగలదు అన్నాడు. జంట ఫొటోలు మర్నాడు పొద్దున్నకి మార్చాడు. దాని సంగతి తర్వాత.

చుట్టాల ఫొటోలకి ఒక కాగితం రాయించాడు. అమ్మాయి మేనమామలు, పెదనాన్న కుటుంబం, అక్కాబావ, మా అమ్మతో నలుగురు మనవరాళ్లు, ఇలా ఇరవై రెండు గుంపులు. ఒక్కో గుంపుకి రెండు నిమిషాలు. ఫొటోగ్రాఫరుకి మన చుట్టాలెవరో తెలీదు కదా, ఎవరిని పిలవాలో వాళ్లెవరో తెలిసినవాళ్లే పిలవాలి. మా వైపు నుంచి మా బావమరిదిని, వాళ్ల వైపు నుంచి పెళ్లికొడుకు బాబాయిని పెట్టాం. మా బావమరిది కాగితం చూసి, "ఏటి బావా, పెళ్లిలో కూడా నన్ను కండక్టర్ని చేసీసినావా?" అన్నాడు. చేశాను. అరిచి పిలవడంలో అతన్ని మించినవాడు లేడు. రాత్రి ఏడు నుంచి ఎనిమిదిలోపు అన్ని గుంపులూ అయిపోయాయి, అదీ బంతి భోజనాలు మొదలవకముందే. తిన్నాక పిలిస్తే సగం మంది కారెక్కేసి ఉంటారు, మిగతా సగం పట్టుచీర మీద పప్పు మరకతో నిలబడతారు.

నాకు బాగా గుర్తుండిపోయింది జీలకర్ర బెల్లం. ఎవరు ఏ వైపు కూర్చుంటారో, పీటలు ఎక్కడ వేస్తారో, తెర ఎవరు పట్టుకుంటారో కుర్రాడు పంతులుగారిని వారం ముందే ఫోన్‌లో అడిగాడు. తెర పట్టుకునే ఇద్దరూ పొడుగువాళ్లు కాకూడదని మమ్మల్ని కోరాడు. మండపం ముందు రెండడుగుల సందు ఖాళీగా ఉంచాలని, అక్కడ ఎవరూ నిలబడకుండా మా అన్నయ్య కొడుకులిద్దరిని కుర్చీలేసి కూర్చోబెట్టమన్నాడు. వీడియో అబ్బాయి ఎడమ చేతి వైపు, ఇతను కుడి చేతి వైపు కింద చతికిలబడి. ఒకరి కెమెరాలో ఒకరు పడకుండా. పంతులుగారు మైకులో రెండుసార్లు చెప్పారు: "ముహూర్తం అయ్యేదాకా సెల్‌ఫోన్లు జేబుల్లో ఉంచండి, దంపతుల్ని కళ్లతో చూసి ఆశీర్వదించండి." అయినా ఒక చెయ్యి ఫోన్‌తో లేచింది. మా తోడల్లుడిదే. ఈసారి సఫారీ కూడా అదే రంగు. మా అన్నయ్య చిన్న కొడుకు లేచి ఆయన భుజం మీద చెయ్యేసి, "పెదనాన్నా, రండి కూర్చోండి" అని పక్కన కూర్చోబెట్టాడు.

పదకొండు ఎనిమిది. మేళం ఒక్కసారి గట్టిగా లేచింది. ఆ హడావుడిలో నేను అసలు ఏమీ చూడలేదు, అక్షింతల పళ్లెం పట్టుకుని ఎక్కడో వెనకాల ఉన్నాను. మూడు నెలల తర్వాత ఫొటోలో చూశాను. తెర సగం దిగింది. అమ్మాయి చెయ్యి అతని తల మీద ఉంది, తమలపాకు అంచు వేళ్ల మధ్యలోంచి బయటికి వచ్చింది, గోటి సందులో జీలకర్ర ముద్ద ఇరుక్కుని ఉంది. అతని చెవి పక్కన చిన్న బెల్లం నీటి చార జారుతోంది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుంటున్నారు. నవ్వట్లేదు. భయపడుతున్నట్టున్నారు. మా ఆవిడ ఆ ఫొటో చూసి చాలాసేపు ఏమీ అనలేదు.

మధుపర్కాల ఫొటోల గురించి ఒక ముక్క. తెల్ల బట్ట ఫ్లాష్ పడితే మంచులా తేలిపోతుంది, నేత కనిపించదు. అల్లుడికి పొందూరు ఖద్దరు పంచె పెట్టాం, ఆ సన్న నూలు కనిపించకపోతే పెట్టి ఏం లాభం? ఇతను ఆ టైములో ఫ్లాష్ తగ్గించి, పక్క నుంచి ఒక్క లైటు పెట్టించాడు. పంచె అంచు దగ్గర పోగులు లెక్కపెట్టొచ్చు. మేనమామలు అమ్మాయిని గంపలో తెచ్చేటప్పుడు భోజనాల లైను దారికి అడ్డొచ్చింది, అక్కడ ఫొటోలు అంత బాగా రాలేదు. ఆ తప్పు అతనిది కాదు, మాదే. క్యాటరింగువాళ్లతో ఆ దారి సంగతి మాట్లాడటం నేనే మర్చిపోయాను.

మర్నాడు పొద్దున్న ఆరూ ముప్పావుకి, ఇద్దర్నీ మా తమ్ముడి మామిడి తోటకి తీసుకెళ్లాం. పెళ్లి తంతు అయ్యేసరికి రెండున్నర దాటింది, ఇద్దరూ మూడు గంటలు కూడా పడుకోలేదు. తోటంతా పూత మీద ఉంది, మంచు ఇంకా ఆకుల మీద ఉంది. మేకప్ లేదు. ఆమె నుదుటి మీద బాసికం దారం నొక్కుకున్న గీత అలాగే ఉంది, పారాణి పాదాలకి తడి మట్టి అంటుకుంది. గట్టు మీద కూర్చుని స్టీలు గ్లాసుల్లో టీ తాగుతుంటే తీశాడు. ఇద్దరూ ఒకేసారి ఆవలించారు. ఆల్బమ్ అట్ట మీదికి ఆ ఫొటోనే పెడదామన్నాడు. నేను వద్దన్నాను, పెళ్లికూతురు ఆవలిస్తే చుట్టాలేమంటారని. అమ్మాయి పట్టుబట్టింది, అదే పెట్టారు. ఎనిమిదిన్నరకి అప్పగింతలు. ఈసారి కార్డు పాడవలేదు.

ఇక నచ్చనివి. మొదటిది డ్రోన్. నేను వద్దనే చెప్పాను, 250 గ్రాముల లోపు చిన్నదే, కొంచెంసేపే అని ఎదురుకోలప్పుడు ఎగరేశారు. కందిరీగలా రొద. సన్నాయి వినిపించలేదు, వియ్యపురాలు తల పైకెత్తి చూస్తూనే గుమ్మం దాటింది, హారతి పళ్లెం చూడలేదు. అరిస్తే దింపారు. రెండోది, ఆల్బమ్ 45 రోజులన్నాడు, చేతికొచ్చేసరికి 110 రోజులు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం వరసగా పెళ్లిళ్లే, ఎడిటింగు కుర్రాడు ఒక్కడేనట. బస్సు లేటయితే ప్రయాణికుడికి కారణాలు అక్కర్లేదు, ఎప్పుడొస్తుందో చెప్పాలి. అది చెప్పలేదు. మూడోది, ప్యాకేజీలో 40 షీట్లే ఉన్నాయి. ఎక్కువైతే షీటుకి 450 రూపాయలని ముందు చెప్పలేదు. మావి 52 అయ్యాయి. 3,800 ఫొటోల్లోంచి ఎంచుకోమని పెన్‌డ్రైవ్ ఇస్తే ఇంట్లో నలుగురం పది రోజులు కొట్టుకున్నాం. ఎవరి అక్కచెల్లెళ్లు వాళ్లకి కావాలి మరి.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. మొదటిసారి చూపించిన ఆల్బమ్‌లో మా అమ్మాయిని తెల్లగా చేసేశారు. మా అమ్మాయిది చామనచాయ, వాళ్ల మామ్మ రంగు. ముఖం సుద్దలా, చేతులు మాత్రం అసలు రంగులో. నేను వెళ్లి, "బాబూ, నాకు ఇద్దరే కూతుళ్లు, ఈ మూడో అమ్మాయెవరు?" అని అడిగాను. నొచ్చుకున్నాడు. అందరూ అలాగే అడుగుతారండి, అందుకని చేసేశాం అన్నాడు. అన్నీ వెనక్కి తీసుకుని మళ్లీ చేసి ఇచ్చాడు, దానికి పైసా అడగలేదు. ఆలస్యంలో మూడు వారాలు దానివే.

ఫొటోలవాళ్లకి తిండి గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. అయిదుగురూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నిలబడే ఉన్నారు. డ్యూటీ ఎక్కే ముందు డ్రైవరుకి టిఫిన్ పెట్టాలని డిపోలో నేర్చుకున్నాను. చుట్టాల ఫొటోలు అవగానే, ఎనిమిదింటికి, మొదటి బంతిలోనే వాళ్లకి విస్తళ్లు వేయించాను. ఎప్పుడూ చివరి బంతిలోనే తింటామండి, అప్పటికి మిగిలేది సాంబారే అన్నాడు లైటు పట్టుకునే అబ్బాయి.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటీ డ్రోనుకీ, షీట్ల లెక్కకీ పోయింది. పెద్దమ్మాయి ఈ ఆల్బమ్ చూసి, వైశాఖంలో తమ పదో పెళ్లిరోజుకి అదే కుర్రాడితో రెండు గంటలు తీయించుకుంది, ఆ మామిడి తోటలోనే. అప్పటికి కాయలు దిగిపోయాయి, అయినా బాగానే వచ్చాయి. తోడల్లుడిని పిలవలేదు.

మాఘానికీ, వైశాఖానికీ కావాలంటే కనీసం ఆరు నెలల ముందు మాట్లాడుకోండి. మేడ మెట్లు ఎక్కే ముందు శుభలేఖ జేబులో పెట్టుకుని వెళ్లండి, మొదట అడిగేది ముహూర్తమే.